ధర అడగరాదు

సంచులూ జిప్పులూ బాగుచేసే చిన్న కొట్టు. కుట్టుమిషను ముందు ఆవిడ. బల్లకి ఇవతల, తోలుసంచి ముందుకి తోసి చెమట తుడుచుకుంటున్న పక్క ఊరి పళ్ళ డాక్టరు.

"జిప్పు బాగానే ఉంది కదండీ."

"బాగానే ఉందా?"

"ఇదిగో, వెన్నలా జారుతోంది. ఏం పాడైందని తెచ్చారు?"

"అప్పుడప్పుడూ... ఇరుక్కుంటుంది."

"ఎక్కడ?"

"ఇక్కడే, ఈ మూల దగ్గర. ఇప్పుడు ఇరుక్కోవడం లేదు గానీ."

"మీ ఇంట్లో మొండికేసి నా దగ్గరికి రాగానే బుద్ధిగా ఉందన్నమాట. అన్నయ్యగారూ, నేను షట్టరు ఎత్తినప్పట్నుంచీ చూస్తున్నా. ఎదురుగా నిలబడి నా కొట్టు వంకే చూస్తారు, రోడ్డు దాటి వస్తారు, మళ్ళీ వెనక్కి పోతారు. ఇంటాయన పంపిన మనిషేమో, అద్దె పెంచుతాడేమో అని గుండెలో రాయి పడింది నాకు."

"అయ్యో, లేదమ్మా."

"బీమా పాలసీలు అమ్ముతారా?"

"కాదమ్మా, నేను పళ్ళ డాక్టర్ని."

"నా పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి."

"అది కాదు... నేను పక్క ఊరినుంచి వచ్చాను. మీ చిరునామా పార్సెలు మీద చూశాను."

"ఏ పార్సెలు? నేను జన్మలో పంపింది ఒకటే పార్సెలు."

"అదే."

"పెన్నుదా? అయితే మీరు ఆ పెన్ను కొన్న నల్లసిరా గారి మనిషా?"

"మనిషినే... అంటే..."

"ముందే చెప్పొచ్చు కదండీ! కూర్చోండి, కూర్చోండి. ఆ స్టూలు మీది కత్తెర పక్కన పెట్టండి. ఎలా ఉన్నారాయన? పెన్ను అందిందని ఒక్క ముక్క రాశారు, ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. బాగా రాస్తోందా?"

"రాస్తోంది, రాస్తోంది. కొంచెం గీరుతోంది."

"గీరుతుంది. ఆ పాళీని మా ఆయన తన చేతికి తగ్గట్టు ఏటవాలుగా అరగదీసుకున్నారు. ఇంకొకరికి లొంగదు. ఆ సంగతి ఆయనకి రాయనే లేదు కదూ నేను? తప్పు నాదే. కాస్త ఎడమకి తిప్పి పట్టుకోమనండి."

"చెప్తాను."

"ఇంకా ఆయన దగ్గరే ఉందా? ఎవరికైనా ఇచ్చేశారా?"

"ఉంది."

"ఉందా! ...సరే."

"ఎందుకమ్మా?"

"ఊరికే అడిగాను. మంచాయన. ఫోనులో ఉన్న మీ పెన్నుల గ్రూపులో మనిషన్నవాడు ఆయనొక్కడే."

"మిగతావాళ్ళు?"

"మిగతావాళ్ళ ఊసెందుకులెండి. మీరూ ఉన్నారా అందులో?"

"ఉన్నాను."

"అయితే మీరూ చూసే ఉంటారు. కాదు, ఎక్కడ చూస్తారు? మంచినీళ్ళు తాగి వచ్చేలోపు నా పోస్టు మాయం. పెన్నుని కిటికీ దగ్గర పెట్టి ఎంత శ్రద్ధగా ఫొటో తీశానో. మూత మీద వెండి కట్లు, పాళీ మీద నక్షత్రం గుర్తు, అన్నీ కనబడేలా. కింద ఏం రాశాను? 'మా ఆయన పెన్ను. ఆయనకిక అవసరం లేదు. దీనికి ఎంత రావచ్చో తెలిసినవారు చెప్పగలరు.' అంతే కదా? బూతులేమైనా రాశానా?"

"లేదమ్మా. అది... రూలు."

"ఆ రూలే వచ్చింది, ఎర్రటి అక్షరాల్తో. 'మూడో నిబంధన, ధర అడగరాదు. నాలుగో నిబంధన, అమ్మకపు లింకులు పెట్టరాదు. మీ పోస్టు తొలగించబడినది.' తొలగించబడినదట! నేనే లింకూ పెట్టలేదు మొర్రో అని రాద్దామంటే రాయనివ్వదు."

"వారంపాటు ఆపేస్తుంది."

"ఆపేస్తుంది అంటారేంటండీ, అదేదో వాన ఆగిపోయినట్టు! ఎవరో ఒకరు నొక్కుతారు కదా ఆ మీట. వేలున్న మనిషే కదా నొక్కేది."

"అవుననుకోండి."

"అసలెందుకండీ అలాంటి రూలు? నా కొట్టుకి ఎవరొచ్చినా ముందు అడిగేదే ఎంతవుతుందని. అడిగినవాళ్ళందర్నీ బయటికి నెట్టి షట్టరు దించేస్తున్నానా?"

"మొదట్లో ఆ రూలు లేదమ్మా. ఒకాయన తన పెన్ను పెట్టి ఎంత చేస్తుందంటాడు. ఒకడు ఆకాశమంత చెప్తాడు, ఒకడు చిత్తుకాగితాల ధర చెప్తాడు. తక్కువ చెప్పినవాడే వెనకదారిన పోయి కొనేసేవాడు. లింకులు పెట్టి నకిలీ సరుకు అంటగట్టినవాళ్ళున్నారు. ఒకే కంచంలో తిన్న స్నేహితులు ఒక మూత దగ్గర మాటలు మానేశారు. సిరా గురించీ పాళీల గురించీ చెప్పుకుందామని పెట్టుకున్న గ్రూపు కాస్తా సంత అయిపోయింది. అందుకని..."

"అందుకని మీరు రూలు పెట్టారు."

"అవును... అంటే, గ్రూపు పెట్టుకుంది."

"ముందు 'అవును' అన్నారు."

"అన్నాను."

"అయితే ఆ వేలు మీదేనా?"

"నాదే. ఎడ్మిన్ని నేనే."

"ఓరి నాయనో! దీనికోసమా పాపం ఇందాకట్నుంచీ ఎండలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు? నవ్వొస్తోందండీ. దీనికి బస్సెక్కి రావాలా? సరే, క్షమించేశాను. మంచినీళ్ళు తాగుతారా?"

"విను... వినండమ్మా."

"నిజంగానే కోపం లేదు. పొద్దున మీరు తీసేస్తే సాయంత్రానికల్లా నల్లసిరా గారు విడిగా రాశారు కదా. 'అమ్మా, మీ పోస్టు పోకముందే చూశాను. ఇలాంటివాటికి పెద్దగా రాదు. అయినా మీ మాట చదివి మనసాగలేదు, నేను తీసుకుంటాను' అని. ఎంత మర్యాద! అందుకే వారం కాగానే మళ్ళీ గ్రూపులోకొచ్చి అందరి ముందూ ఆయనకి కృతజ్ఞతలు చెప్పాను. అది మాత్రం తీసెయ్యలేదే మీరు?"

"తీసెయ్యలేదు."

"ఎంతమంది గుండె బొమ్మలు పెట్టారో!"

"తెలుసు. రోజూ చూస్తున్నాను. అందులో ధర లేదు. లింకు లేదు. తీసెయ్యడానికి నాకు ఏ రూలూ దొరకలేదు."

"తీసెయ్యడమెందుకండీ? మంచిమాటేగా?"

"మంచిమాట కాబట్టే. పొద్దున్నే ఫోను తెరిస్తే అదే పైన. ఎవరి పన్నో చూస్తూ ఉంటానా, జేబులో గుర్రుమంటుంది. తీసి చూస్తే ఇంకెవరో 'నల్లసిరా గారి మనసు బంగారం' అని. మొన్న పుచ్చిన పన్ను వదిలేసి దాని పక్కదాని మీద పట్టకారు పెట్టాను. ఆ పేషెంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు, నోట్లో దూదితో."

"అయ్యబాబోయ్. నల్లసిరా గారి మంచితనం మీకెందుకండీ అంతలా గుచ్చుకోవడం?"

"ఆయన లేడమ్మా."

"పోయారా?"

"పోవడం కాదు. అసలు లేడు. నల్లసిరా నేనే."

"ఏంటీ?"

"నాకు ఇంకో పేరుతో ఇంకో ఖాతా ఉంది. ఎడ్మిన్ అన్నవాడు సభ్యుల దగ్గర కొనకూడదని ఐదో నిబంధన. అదీ నేనే రాశాను."

"ఆగండి, ఆగండి. పొద్దున పోస్టు తీసింది మీరు."

"నేనే."

"సాయంత్రం మనసాగనిదీ మీకే."

"నాకే."

"మధ్యాహ్నం ఏం చేశారు?"

"...ధర వెతుక్కున్నాను."

"ఎంతుంది?"

"మీకిచ్చినదాని పక్కన ఇంకో సున్నా పెట్టాలి. ఆ నక్షత్రం పాళీ చాలా అరుదమ్మా. జీవితంలో ఒక్కటి చేత్తో పట్టుకుంటే చాలనుకునేవాణ్ణి. మీ ఫొటో చూడగానే నాకు చెమటలు పట్టాయి. ఎవరో ఒకరు చూస్తారు, నిజం ధర చెప్పేస్తారు... రూలుంది కదా. నొక్కేశాను."

"అంటే రూలు కోసం తీసింది కాదు."

"రూలు ప్రకారమే తీశాను. అదే నా ఏడుపు. ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ ఆ రూలు లేకపోయినా తీసేసేవాణ్ణే, అది నాకొక్కడికే తెలుసు."

"లేవండి."

"అమ్మా..."

"ఆ స్టూలు మీంచి లేవండి ముందు. నోరారా అన్నయ్యగారూ అన్నాను మిమ్మల్ని! మంచినీళ్ళిస్తానన్నాను!"

"తిట్టండమ్మా. తిట్టించుకోడానికే వచ్చాను."

"సంచులు కుట్టుకునేదానికి పెన్నుల సంగతి ఏం తెలుసులే అనుకున్నారు."

"అనుకున్నాను."

"మొగుడు పోయి ఏడుస్తోంది, ఎంత చేతిలో పెట్టినా కళ్ళకద్దుకుంటుంది అనుకున్నారు."

"అనుకున్నాను. మీవారు పోయిన దుఃఖంలో ఉన్నారని తెలిసి కూడా..."

"ఆ మాట వదిలెయ్యండి."

"ఎలా వదిలేస్తానమ్మా, అదే కదా నన్ను..."

"వదిలెయ్యమన్నానా? ఆ సంచిలో ఏముంది?"

"డబ్బు. అసలు ధరకి ఎంత తక్కువైందో అంతా ఉంది. ఒక్క పైసా తగ్గలేదు."

"అందుకా జిప్పు నాటకం. పెన్నేది?"

"పెన్నా? పెన్ను ఉంది."

"ఎక్కడ?"

"భద్రంగా ఉంది."

"భద్రంగా ఎక్కడండీ?"

"...జేబులో."

"తియ్యండి బయటికి."

"చూడండమ్మా, మీరు ఈ డబ్బు తీసుకుంటే లెక్క సరిపోతుంది కదా. పూర్తి ధర మీకు ముట్టినట్టే. అప్పుడు పెన్ను నాకు న్యాయంగా..."

"డబ్బొద్దు. పెన్ను కావాలి."

"ఇంకొంచెం పైన వేసిస్తాను."

"మీరింకా కొంటూనే ఉన్నారు."

"లేదమ్మా..."

"తప్పు ఒప్పుకోడానికి వచ్చారా, బేరానికి వచ్చారా?"

"బస్సెక్కినప్పుడు ఒప్పుకోడానికే. మధ్యలో జేబులో చెయ్యి పెట్టుకుంటే అది వేళ్ళకి తగిలింది. ఇక అక్కణ్ణుంచి... నాకే తెలీదమ్మా."

"మీరు కవర్లో పెట్టి పంపిన డబ్బు ఈ బొత్తాల డబ్బాలో ఉంది. చూడండి. అదే మడత, అదే రబ్బరు బ్యాండు. నేను ముట్టుకోలేదు."

"డబ్బవసరం లేకపోతే మరెందుకమ్మారు?"

"అడగరాదు. మీకేనా రూళ్ళుండేది?"

"నిజమే. నాకు అడిగే హక్కు లేదు."

"ఊరికే ఎవరికో ఇచ్చెయ్యడానికి మనసొప్పలేదు. దాచుకోడానికి ధైర్యం చాల్లేదు. అమ్మితే అదొక పద్ధతిగా ఉంటుందనుకున్నాను. సరేనా?"

"మరిప్పుడు వెనక్కెందుకు? మీవారి గుర్తుగా ఉంచుకోడానికా?"

"గుర్తుగా కాదు. రాయడానికి."

"మీరు రాస్తారా?"

"నాకు సూది తప్ప ఇంకోటి లొంగదు."

"మరెవరు రాస్తారు?"

"ఆయనే."

"ఎవరు?"

"ఎవరేంటండీ? మా ఆయనే."

"మీ ఆయన... మీ ఆయన పోయారు కదా!"

"అరవకండి! లోపల పడుకున్నారు."

"లోపలా?"

"ఆ కర్టెను వెనక. మధ్యాహ్నం మందు వేస్తే కాసేపు నిద్రపడుతుంది. పోయారని నేనెక్కడ రాశాను? 'ఇక అవసరం లేదు' అని రాశాను. పోగొట్టింది మీరు."

"అందరూ అలాగే అనుకున్నామమ్మా. మీ కృతజ్ఞతల కింద ఎంతమంది 'ఆయన ఆత్మకు శాంతి' అని రాశారు!"

"చూశాను. ఒక్కొక్కటీ చదివాను. కాదండీ, బతికే ఉన్నారు అని ఒక్క ముక్క రాస్తే అయిపోయేది. రాయలేదు. బతికున్న మనిషి పెన్ను ఎందుకమ్మావని అడుగుతారని. పక్క గదిలో ఆయనకి గంజి తాగిస్తూనే, ఇంకో చేత్తో ఫోనులో ఆయనకి శాంతి చెప్పించుకున్నాను."

"ఏమైందమ్మా ఆయనకి?"

"పక్షవాతం. పడిపోయి ఏడాది దాటింది. కుడివైపు మొత్తం పోయింది, మాట సగం పోయింది. డిగ్రీ పట్టాల మీద పేర్లు రాసేవారు. కాలేజీలవాళ్ళు కట్టలు కట్టలుగా పంపేవాళ్ళు. తన పేరు ఇంత అందంగా ఉంటుందా అని పట్టా చేతికొచ్చాక తెలిసినవాళ్ళు ఎంతమందో. పడిపోయాక కూడా ఆ పెన్ను బల్ల మీదే ఉండేది. పొద్దస్తమానం దానివంకే చూపు. కళ్ళవెంట నీళ్ళు. నేను మిషను ఆపడం, వెళ్ళి తుడవడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. తుడిచీ తుడిచీ విసుగొచ్చింది నాకు. బాధ అని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. కానీ విసుగే. ఇక ఆ చెయ్యి లేవదని ఆయన బదులు నేనే తీర్మానించేశాను. అది కళ్ళముందు లేకపోతే ఏడుపూ ఉండదనుకున్నాను."

"ఏడుపు ఆగిందా?"

"ఆగింది. అది ఇంకా ఘోరం. బల్ల వంక చూడ్డమే మానేశారు. గోడవైపు తిరిగి పడుకునేవారు. మొన్న స్నానం చేయిస్తుంటే కుడిచేతి చూపుడువేలు కదిలింది. నా భ్రమేమో అనుకున్నాను. మర్నాడు పిలిచి మరీ చూపించారు. బొటనవేలూ అదీ ఇలా దగ్గరికి తెచ్చి. చూడండి, ఇలా."

"పెన్ను పట్టుకున్నట్టు."

"పట్టుకున్నట్టు. నా మొహంలోకి చూస్తున్నారు. ఏం కావాలో ఇద్దరికీ తెలుసు."

"మీరేం చెప్పారు?"

"ఇల్లు సర్దినప్పుడు ఎక్కడో పడిపోయిందన్నాను. అప్పట్నుంచీ వెతుకుతున్నాం ఇద్దరం. ఆయన మంచం మీంచి కళ్ళతో చూపిస్తారు. ఆ అల్మారా, ఈ పెట్టె, ఆ దిండు కింద. నేను వెళ్ళి వెతుకుతాను. లేదని తెలిసిన చోట ఒళ్ళు వంచి, బట్టలన్నీ తీసి, దులిపి వెతకడం ఎలా ఉంటుందో తెలుసా మీకు? నల్లసిరా గారికి రాద్దామని ఫోను తీస్తాను, పెడతాను. అంత మంచాయన్ని, అమ్మింది తిరిగిమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను?"

"తీసుకోండమ్మా. ఇదిగో. తీసుకోండి."

"...మూత కొత్తగా మెరుస్తోంది."

"తుడిచాను. రోజూ తుడిచేవాణ్ణి."

"ఈ డబ్బు మీరు పట్టుకోండి. సంచి కూడా."

"ఇదొద్దమ్మా, ఉంచండి. మందులకైనా..."

"పట్టుకోండి. లేకపోతే దానం చేసినట్టవుతుంది. మళ్ళీ మీరే మంచివాళ్ళవుతారు."

"సరే. పట్టుకున్నాను. ఒక్కటి మాత్రం అడుగుతాను, కాదనకండి. ఆయన లేచాక నన్ను లోపలికి రానివ్వండి. కాళ్ళు పట్టుకుని జరిగిందంతా చెప్పేస్తాను. గ్రూపులో కూడా రాసేస్తాను, రెండు పేర్లూ నావేనని."

"గ్రూపులో రాసుకోండి, నా ఊసు లేకుండా. చేతనైతే ఆ రూలుకి ఇంకో ముక్క తగిలించండి, ఇక్కడ అడగొద్దన్నప్పుడు ఎక్కడ అడగాలో కూడా చెప్పమని. లోపలికి మాత్రం వద్దు."

"తప్పు నాది కదమ్మా, ఆయనకి చెప్పకపోతే..."

"మీరు కొన్నారని చెప్పాలంటే నేను అమ్మానని చెప్పాలి. మీ గుండె తేలికవుతుంది. నేను ఆయన చెయ్యి మీద ఆశ వదిలేసుకున్నానని ఆయనకి తెలుస్తుంది. ఆ వేలు మళ్ళీ కదులుతుందా? చెప్పండి, డాక్టరుగారూ. కదులుతుందా?"

"మరి నేనెవరికి చెప్పుకోనమ్మా?"

"నాకు చెప్పుకున్నారుగా. నేనెవరికి చెప్పుకోవాలో మీరడగలేదు. ఉండండి. మంచం చప్పుడైంది. లేచినట్టున్నారు. కళ్ళు తుడుచుకోండి. తుడుచుకోండి త్వరగా."

"నేను వెళ్ళిపోనా?"

"కర్టెను సందులోంచి మిమ్మల్ని చూసేశారు. కదలకండి. ...ఏమండీ! లేచారా? పెన్ను దొరికిందండీ! ఇదిగో! ఇనప బీరువా వెనకాల పడి ఉంది. నా ఒక్కదానివల్ల ఎక్కడవుతుంది, ఈ అన్నయ్యగారే బీరువా జరిపి తీసిచ్చారు... ఆ? ఏంటండీ? మెల్లిగా చెప్పండి... ఆ, ఆ, అర్థమైంది. అన్నయ్యగారూ, మీ పేరేంటని అడుగుతున్నారు. ఆ పెన్నుతో ముందు మీ పేరే రాస్తారట."